ఆలుగడ్డ అప్పులో మొదటి రూపాయి నేలది



ఆలుగడ్డ సాగుకు అప్పు కావాలని వచ్చిన రైతును ఖర్చుల వివరం అడిగితే సమాధానం దాదాపు ఒకే వరుసలో వస్తుంది. ముందు విత్తన దుంపలు, తరువాత ఎరువుల బస్తాలు, ఆ పైన పురుగు మందులు, కూలీలు, దుక్కి ఖర్చు, చివరకు సంచులు, కిరాయి. ఎకరాకు దాదాపు 10 నుండి 12 క్వింటాళ్ళ విత్తనం కావలసిన పంట ఇది. సాగు వ్యయంలో సగానికి దగ్గరగా విత్తనానికే పోతుంది. ఇంత ఖరీదైన విత్తనాన్ని ఏ నేలలో పెట్టబోతున్నామో, ఆ నేలను అందుకు ఎలా సిద్ధం చేశామో తెలిపే పద్దు మాత్రం ఆ వరుసలో కనిపించదు. అడిగే రైతూ దానిని చెప్పడు, అప్పిచ్చే అధికారీ దానిని అడగడు, బస్తా అమ్మే వ్యాపారీ దానిని గుర్తు చేయడు.

తెలంగాణలో ఆలుగడ్డ అని, కోస్తాలో బంగాళదుంప అని, రాయలసీమలో ఉర్లగడ్డ అని పిలుచుకునే ఈ పంటకు అప్పు తెచ్చే ప్రతి రైతూ ఆ అప్పులోని మొదటి రూపాయిని నేలకు ఖర్చు చేయాలని, అదీ దుంప నాటడానికి మూడు నాలుగు నెలల ముందే చేయాలని ఈ వ్యాసం ఉద్దేశం. ఇది రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బ్యాంకు, వ్యాపారి, భూయజమాని కూడా తమ వంతు మార్చుకోవలసి ఉన్నది.

కొండలలో వసంతం, మనకు శరత్తు

హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండ ప్రాంతాలలో ఆలుగడ్డను వసంతంలో, మార్చి, ఏప్రిల్ నెలలలో నాటుతారు. అక్కడి రైతుకు దుంప నాటే ముందు చలికాలమంతా చేతిలో ఉంటుంది. బాంజ్ అని పిలిచే ఓక్ చెట్ల ఆకులను అడవి నుండి తెచ్చి పశువుల కొట్టంలో పరచడం, పేడతో, మూత్రంతో తడిసిన ఆ ఆకులను కుప్ప వేసి మగ్గబెట్టడం, మెట్ల పొలాలకు బుట్టలతో మోసి చల్లడం అక్కడ తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఆ పనిలో ఎక్కువ భాగం స్త్రీల భుజాల మీదనే నడుస్తుంది.

మన దక్కను పీఠభూమిలో వరుస తలక్రిందులు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పరిసరాలలో యాసంగి పంటగా అక్టోబరు, నవంబరు నెలలలో, అనగా చిత్త, స్వాతి కార్తెలు మొదలుకొని దుంప నాటుతారు. విత్తనం ఉత్తరాది రాష్ట్రాల నుండి లారీలలో వస్తుంది. చలి ఉన్న ఆ కొద్ది వారాలే దుంప ఊరే కాలం. ఎండలు ముదిరి రాత్రి వేడి పెరిగితే దుంప ఊరడం మందగిస్తుంది. కనుక మన పంటకు 80, 90 రోజులకు మించిన గడువు లేదు.

ఈ గడువు చాలా ముఖ్యమైనది. నాటే ముందు వారంలో పచ్చి పేడను, మగ్గని చెత్తను పొలంలో కలిపితే దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమ అవసరానికి నేలలోని నత్రజనిని వాడుకుంటాయి. ఆ వారాలలో మొక్కకు నత్రజని అందదు. ఆరు నెలల పంటలో రెండు మూడు వారాలు పోతే పూడ్చుకోవచ్చును. తొంభై రోజుల పంటలో పోయిన మూడు వారాలు తిరిగి రావు. నేలకు పెట్టవలసిన తిండి వానాకాలంలోనే పెట్టి, దుంప నాటే నాటికి అది మగ్గి సిద్ధంగా ఉండేటట్లు చూడాలనడానికి ఇదే కారణం. కొండ రైతుకు చలికాలం ఇచ్చే వ్యవధిని మనకు వానాకాలం ఇస్తుంది. దానిని వాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

దుంప నేలను అడిగేది

ఆలుగడ్డ వేళ్ళు లోతుకు పోవు. వాటిలో అధిక భాగం పై అడుగు మట్టిలోనే ఉంటాయి. ఆ అడుగు మట్టి గుల్లగా ఉండి, నీరు నిలువకుండా, అయినా తేమ ఆరిపోకుండా ఉంటేనే దుంప నిండుగా, నున్నగా ఊరుతుంది. మట్టి గట్టిపడితే దుంప వంకరలు పోతుంది. తడి, పొడి హెచ్చుతగ్గులైతే పగుళ్ళు బారుతుంది. మార్కెట్టులో గ్రేడు తగ్గించే లోపాలు చాలా వరకు ఇవే. ఏ రసాయనిక ఎరువూ మట్టిని గుల్ల చేయలేదు. ఆ పని చేసేది సేంద్రియ పదార్థమే.

పోషకాలలో ఈ పంట నత్రజని కంటె పొటాష్‌ను ఎక్కువగా తీసుకుంటుంది. యూరియా ఒక్కటే నమ్ముకున్న పొలంలో తీగ పచ్చగా ఏపుగా పెరిగినా, త్రవ్వినప్పుడు దుంప చిన్నదిగా కనిపించడం అనుభవమున్న రైతుకు తెలియనిది కాదు.

మీ పొలం ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకోవడానికి భూసార పరీక్ష తప్ప మార్గం లేదు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూసార కార్డు పథకంలో మీకు వచ్చిన కార్డు ఇంట్లో ఎక్కడో ఉండి ఉంటుంది. తీసి చూడండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని, 0.5 నుండి 0.75 వరకు మధ్యస్థమని, ఆ పైన ఉంటే ఎక్కువ అని లెక్క. మన ఎర్ర నేలలు చాలా వరకు మొదటి వర్గంలోనే ఉంటాయి. కార్డు పాతదైతే ఏప్రిల్, మే నెలలలో మళ్ళీ మట్టి తీయించండి. ఎకరాలో ఎనిమిది పది చోట్ల ఆరు అంగుళాల లోతున మట్టి తీసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ చివరకు అర కిలో మిగిల్చి పంపాలి. గట్ల మీద, చెట్ల క్రింద, పెంట కుప్పలు వేసిన చోట తీసిన మట్టి పొలం సంగతి చెప్పదు.

పచ్చిరొట్ట: అన్నిటికంటె చవకైన పెట్టుబడి

దుంప నాటే తేదీ నుండి వెనుకకు లెక్క వేయండి. అక్టోబరు 20న నాటదలచితే సెప్టెంబరు మొదటి వారానికి పచ్చిరొట్టను కలియదున్నాలి. అంటే జూలై 20 ప్రాంతంలో, పుష్యమి కార్తెలో, విత్తనం పడాలి. నలభై ఐదు, యాభై రోజులకు పూత మొదలవుతుంది. ఆ దశలో కాండం లేతగా ఉంటుంది కనుక త్వరగా మగ్గుతుంది. పూత దాటి కాండం ముదిరితే అది నారగా మారి నాటే నాటికి కూడా కుళ్ళదు. మరీ ముందుగా కలియదున్నినా నష్టమే. విడుదలైన నత్రజనిలో కొంత వానలకు కొట్టుకుపోతుంది.

ఎర్ర గరప నేలలకు జనుము శ్రేష్ఠం. నీరు నిలిచే పొలానికి, చౌడు పోకడ ఉన్న పొలానికి జీలుగ తగినది. రెండింటికీ ఎకరాకు 12 నుండి 15 కిలోల విత్తనం సరిపోతుంది. వానలు అనుకూలిస్తే ఎకరాకు 6 నుండి 8 టన్నుల పచ్చిరొట్ట, దాని ద్వారా 25 నుండి 30 కిలోల నత్రజని నేలలో కలుస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోలకు కొంచెం ఎక్కువ. పచ్చిరొట్ట ఇచ్చేది ఒక బస్తాకు పైగా నత్రజని, దానితో పాటు ఏ బస్తాలోనూ దొరకని సేంద్రియ పదార్థం. కలియదున్నిన తరువాత వాన ముఖం చాటేస్తే ఒక తడి ఇవ్వడం మరువకండి. పొడి మట్టిలో రొట్ట కుళ్ళదు.

"వానాకాలమంతా పొలాన్ని ఖాళీగా ఉంచితే ఇల్లు ఎలా గడుస్తుంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అటువంటి వారికి పెసర ఉన్నది. జూన్‌లో తొలకరికి చల్లిన పెసర 65, 70 రోజులలో కాయ ఇస్తుంది. కాయ కోసుకుని చెట్టును పచ్చిగా ఉండగానే కలియదున్నితే ఇంటికి పప్పు, చేతికి కొంత డబ్బు, నేలకు రొట్ట దక్కుతాయి. జనుమంత రొట్ట రాదు. అయినా ఏమీ వేయని దానికంటె, ప్రత్తి వంటి దీర్ఘకాలపు పంట వేసి దుంప అదను దాటబెట్టుకునే దానికంటె ఇది ఎంతో మేలు.

పెంట కుప్పలో పోతున్న ధనం

ఆలుగడ్డకు ఎకరాకు 8 నుండి 10 టన్నుల బాగా మగ్గిన పశువుల ఎరువు వేయాలని చెబుతారు. మంచి పశువుల ఎరువులో నత్రజని అర శాతం, పొటాష్ అర శాతం, భాస్వరం 0.2 శాతం వరకు ఉంటాయి. పది టన్నులలో 50 కిలోల నత్రజని ఉన్నట్లు లెక్క. అయితే అదంతా మొదటి పంటకే అందదు. దాదాపు మూడో వంతు మాత్రమే ఆ పంటకు అంది, మిగిలినది తరువాతి పంటలకు మెల్లగా విడుదలవుతుంది. కనుక పెంట తోలిన ఖర్చును ఒక్క పంట మీద వేసి నష్టమని చెప్పడం సరికాదు.

మన పల్లెలలో పెంట కుప్పను ఎండకు, వానకు వదిలేస్తున్నాము. ఎండకు నత్రజని గాలిలో కలుస్తుంది. వానకు పొటాష్ కొట్టుకుపోతుంది. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలో ఉంటుంది. కొట్టంలో నేల మీద ఇంకిపోయే ఆ మూత్రం ఆలుగడ్డకు అత్యవసరమైన పొటాష్‌ను తనతో తీసుకుపోతున్నది. చొప్ప ముక్కలు, ఎండు ఆకులు, పొడి మట్టి కొట్టంలో పరచి, తడిసిన దానిని ప్రతి ఉదయం ఎత్తి మూడడుగుల లోతు గుంటలో పేడతో కలిపి పేర్చి, పైన మట్టి కప్పి, చెట్టు నీడనో పందిరి నీడనో ఉంచితే అదే పశువు నుండి నాణ్యమైన ఎరువు చేతికి వస్తుంది. దీనికి అప్పు అవసరం లేదు.

పశువులు తగ్గి ట్రాక్టర్లు పెరిగిన ఊళ్ళలో పేడ ఎక్కడిదని మరొక ప్రశ్న. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పుసద్‌కు చెందిన నారాయణ్ దేవ్‌తావ్ పాంఢరీపాండే రూపొందించి, ఆయన పేరిటనే నాడెప్ అని ప్రసిద్ధి పొందిన పద్ధతి దీనికి సమాధానం. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున గాలి ఆడే కంతలు విడిచి ఇటుకలతో తొట్టి కడతారు. దానిలో దాదాపు 1400 కిలోల పంట వ్యర్థాలు, 1700 కిలోల జల్లించిన మట్టి, కేవలం 90 నుండి 100 కిలోల పేడ పొరలు పొరలుగా నింపి, తగినన్ని నీళ్ళు చల్లి, పైన పేడ మట్టితో అలుకుతారు. మూడు నాలుగు నెలలలో రెండున్నర నుండి మూడు టన్నుల కంపోస్టు తయారవుతుంది. కంది కట్టె తప్ప పొలంలో తగలబెడుతున్న చెత్త అంతా దీనికి పనికివస్తుంది. ఒక్క పశువు ఉన్న ఇంటి నుండి కూడా ఆ పాటి పేడ దొరుకుతుంది. జూన్‌లో నింపిన తొట్టి అక్టోబరుకు సిద్ధం.

పెంట కొనేవారు ట్రాలీ లెక్కన కాక తూకం లెక్కన కొనడం అలవాటు చేసుకోవాలి. ట్రాలీలో సగం మట్టి, పావు వంతు నీరు ఉంటే మీరు మోసుకువచ్చేది కిరాయి మాత్రమే. కుప్పలో చేయి పెట్టి చూడండి. లోపల వేడి తగిలినా, ఘాటు వాసన వచ్చినా, గడ్డి రూపం మారకపోయినా అది ఇంకా మగ్గలేదు. మగ్గని పెంటతో వేరు పురుగు పొలంలో చేరుతుంది, దుంప మీద పొక్కులు తేలే గజ్జి తెగులు పెరిగే ప్రమాదం ఉంటుంది. గొర్రెల మంద కట్టించగలిగిన ఊళ్ళలో ఆ పద్ధతిని విడవవద్దు. అయితే మంద లేచిన తరువాత తేలిక దుక్కి దున్ని మట్టిలో కలిపి, నాటడానికి కనీసం నెల వ్యవధి ఇవ్వాలి.

వేప పిండి, చెరువు మట్టి, బూడిద

వేప పిండిలో నత్రజని 5 శాతం, ఆముదపు పిండిలో 4 శాతం పైచిలుకు ఉంటుంది. వంద కిలోల వేప పిండి ఇచ్చే నత్రజని అయిదు కిలోలేనని గుర్తుంచుకుంటే, దానిని యూరియాకు బదులుగా కొనడం గిట్టుబాటు కాదని అర్థమవుతుంది. దాని విలువ నేలలోని పురుగులను, నులి పురుగులను అదుపులో ఉంచడంలో ఉన్నది. 90 కిలోల మగ్గిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, తేమ చల్లి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే ఆ శిలీంధ్రం కుప్ప అంతటా అల్లుకుంటుంది. దానిని నాటే ముందు సాళ్ళలో వేస్తే నేల నుండి వచ్చే కుళ్ళు తెగుళ్ళను తట్టుకునే శక్తి ఒక ఎకరా పొలానికి చౌకగా సమకూరుతుంది.

చెరువు పూడిక మట్టి తేలిక ఎర్ర నేలకు వరం. తేమను పట్టి ఉంచే గుణాన్ని పెంచుతుంది. ఎండాకాలంలో తోలి, వానకు నానిన తరువాత దున్నాలి. అదే మట్టిని నల్లరేగడికి తోలితే లాభం లేదు సరికదా దుంప ఊరడానికి అడ్డు వస్తుంది.

కట్టెల బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే. కాని బూడిద క్షార గుణం కలది. ఆలుగడ్డకు కొద్దిపాటి ఆమ్ల గుణం ఉన్న నేల ఇష్టం. భూసార కార్డులో ఉదజని సూచిక 7 దాటి ఉంటే బూడిదను, సున్నాన్ని ఈ పంటకు ముందు వేయవద్దు. గజ్జి తెగులు పెరగడానికి అది దోవ చేస్తుంది. పెద్దలు మంచిదన్నారని ప్రతిదీ ప్రతి పొలానికీ వేయడం నేలకు మేలు చేయదు.

బస్తా మానేయమని చెప్పడం లేదు

ఇంత చదివిన మీదట రసాయనిక ఎరువును పూర్తిగా విడిచిపెట్టమని ఈ వ్యాసం చెబుతున్నదని కొందరు అనుకోవచ్చును. ఆ సలహా అప్పు చేసిన రైతుకు ఇవ్వదగినది కాదు. మన పొరుగు దేశమైన శ్రీలంక 2021 మే నెలలో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు దిగుబడులు దెబ్బతిని, రైతులు రోడ్డెక్కి, అదే ఏడాది నవంబరు నాటికి ఆ ప్రభుత్వం వెనుకడుగు వేయవలసి వచ్చింది. అదే సమయంలో మన సిక్కిం రాష్ట్రం 2003లో సేంద్రియ విధానాన్ని ప్రకటించి, అంచెలంచెలుగా సాగి, 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించబడింది. ఒక చోట నెలలలో చేయబోయిన పనికి మరొక చోట పన్నెండేళ్ళు దాటింది.

నేలను బాగు చేయడం కూడా అప్పు తీర్చడం వంటిదే, వాయిదాల మీద సాగుతుంది. వేడి ప్రాంతాలలో సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది గనుక ఏటా వేస్తూ ఉండాలి. మొదటి ఏడాది పచ్చిరొట్ట, పశువుల ఎరువు వేసి, భూసార పరీక్ష ప్రకారం బస్తాలు కూడా వేయండి. రెండవ ఏడాది మళ్ళీ పరీక్ష చేయించి, ఫలితం చూసి బస్తాలు తగ్గించండి. ఒక పొలం ఉన్నవారు అందులో నాలుగు సాళ్ళలో తగ్గించి చూసి, త్రవ్వినప్పుడు తూచి, తరువాతనే మిగతా పొలానికి పాటించండి. పక్కవారి మాట కంటె మీ తరాజు మాట నమ్మదగినది.

అప్పు అదనుకు అందాలి

ఇక బ్యాంకుల సంగతి. ఆలుగడ్డ రైతుకు డబ్బు చేతికి వచ్చేది విత్తన లారీ ఊరిలోకి వచ్చినప్పుడు. అప్పటికి పచ్చిరొట్ట అదను దాటి రెండు నెలలు గడిచి ఉంటుంది. నేలకు ఖర్చు పెట్టవలసిన జూన్, జూలై నెలలలో చేతిలో డబ్బు ఉండదు. ఉన్నా అది వానాకాలపు పంటకు పోతుంది.

1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డులోనే దీనికి మార్గం ఉన్నది. దానిలో మంజూరైన మొత్తాన్ని అవసరమైనప్పుడు అవసరమైనంత తీసుకుని, తిరిగి కట్టి, మళ్ళీ తీసుకోవచ్చును. వాడుకున్న మొత్తానికే వడ్డీ. కాని మనలో చాలామంది కార్డును ఏడాదికి ఒకసారి మొత్తం తీసి, ఏడాదికి ఒకసారి మొత్తం కట్టే పాత పంట రుణంలాగానే వాడుతున్నాము. జనుము విత్తనానికి, దుక్కికి, పెంట కిరాయికి జూన్‌లో 3000 రూపాయలు ముందుగా తీశారనుకోండి. ఏడాదికి 7 శాతం వడ్డీ లెక్కన నాలుగు నెలలకు పడే వడ్డీ 70 రూపాయలు. డెబ్బై రూపాయలకు జంకి, అక్టోబరులో వేల రూపాయల విత్తనాన్ని ఆకలిగొన్న నేలలో పెట్టడం వివేకం అనిపించుకోదు. అప్పు చేసి పప్పు కూడు తినకూడదన్నది నిజమే. అయితే ఈ అప్పు రేపు ధాన్యం పెట్టే నేలకు పెట్టే కూడు.

జిల్లా స్థాయి సాంకేతిక కమిటీలు ప్రతి పంటకు ఎకరాకు ఎంత రుణం ఇవ్వాలో నిర్ణయిస్తాయి. ఆలుగడ్డ పద్దులో "నేల తయారీ" అన్న మాటకు దుక్కి ఖర్చు అన్న అర్థమే ఇస్తున్నారు. పచ్చిరొట్ట విత్తనం, పశువుల ఎరువు, వేప పిండి, భూసార పరీక్ష అన్నవి విడిగా రాసి, ఆ భాగాన్ని దుంప నాటే కాలానికి ముందే విడుదల చేసే ఏర్పాటు ఈ కమిటీలు చేయాలి. 2012లో సవరించిన కార్డు పథకం వ్యవసాయ ఆస్తుల నిర్వహణకు పరిమితిలో 20 శాతం అదనంగా చేర్చింది. పంపుసెట్టుకు, నాగలికి ఆస్తి అన్న హోదా ఉన్నప్పుడు ఆ రెండూ నిలబడే నేలకు ఆ హోదా ఎందుకు ఉండకూడదు? నాడెప్ తొట్టి కట్టుకునే రైతు ఆ భాగాన్ని అడిగితే క్షేత్ర అధికారి సానుభూతితో పరిశీలించాలి. పొలం తనిఖీకి వెళ్ళినప్పుడు విత్తనపు రసీదు ఎక్కడని అడిగే అధికారి, పచ్చిరొట్ట వేశారా అని కూడా అడిగితే ఆ ఊరిలో సగం పని జరిగినట్లే.

వ్యాపార మిత్రులకు

ఎరువుల వ్యాపారులు కూడా ఈ పత్రిక పాఠకులే. మే, జూన్ నెలలలో మీ దుకాణంలో జనుము, జీలుగ, పిల్లిపెసర విత్తనం ఉన్నదా? ప్రభుత్వాలు పచ్చిరొట్ట విత్తనాన్ని రాయితీ మీద ఇస్తూ వచ్చినా, అది అదనుకు అందని ఊళ్ళలో రైతు ముందుగా వచ్చేది మీ వద్దకే. దాని మీద లాభం తక్కువే. కాని నేల బాగుపడి, దుంప గ్రేడు పెరిగిన రైతు మీ అరువును కళ్ళంలోనే తీరుస్తాడు. పంట పోయిన రైతు బ్యాంకు బాకీనీ, మీ బాకీనీ కలిపి వాయిదా వేస్తాడు. మన ఇద్దరి సొమ్మూ అదే నేలలో ఉన్నది.

సేంద్రియ ఎరువుల పేరిట నల్లని పొడి సంచులలో నింపి అమ్మే బేరం కూడా పెరిగింది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006 నుండి సేంద్రియ ఎరువులకు, జీవన ఎరువులకు ప్రమాణాలు చేర్చారు. సంచి మీద సేంద్రియ కర్బనం ఎంత, నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంత, తయారీదారు ఎవరు, తయారైన తేదీ ఏది అన్న వివరాలు లేని సరుకును తీసుకోవద్దు, అమ్మవద్దు. ట్రైకోడెర్మా వంటి జీవ పదార్థాలను గడువు దాటిన తరువాత, ఎండ తగిలే అల్మారాలో ఉంచి అమ్మితే రైతు కొనేది సున్నపు పొడితో సమానం. రైతులు కూడా రసీదు లేకుండా కొనరాదు.

కౌలు రైతు మాట

ఒక్క పంటకు భూమి కౌలుకు తీసుకున్న వ్యక్తి పక్క ఏడాదికి పనికివచ్చే పెంటను ఎందుకు తోలుతాడు? అతడిని తప్పు పట్టడానికి లేదు. ఆలుగడ్డ సాగులో యాసంగి ఒక్కదానికి కౌలు మాట్లాడుకునే ఆచారం ఉన్నచోట నేల ఏటేటా పలచబడుతుంది. దీనికి మార్గం భూయజమాని చేతిలో ఉన్నది. కనీసం మూడేళ్ళ ఒప్పందం కుదుర్చుకుని, పచ్చిరొట్ట విత్తనం, పెంట ఖర్చులో సగం తాను భరించి, వానాకాలానికి కౌలు తగ్గిస్తే ఆ మేలు చివరకు యజమాని భూమికే మిగులుతుంది. పట్టాదారు పాసు పుస్తకం లేని కౌలుదారులు ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడి రుణం పొందే వీలున్నది. ఆ రుణం అడిగేటప్పుడు కూడా నేలకు పెట్టే ఖర్చును మొదటి పద్దుగా రాయించండి.

ఇప్పుడు చేయవలసినది

ఈ ఏడాది ఆలుగడ్డ వేయదలచిన ప్రతి కుటుంబం ఒక కాగితం తీసుకుని నాటే తేదీ వ్రాసి, దాని నుండి వెనుకకు నాలుగు తేదీలు వ్రాసుకోవాలి. మట్టి పరీక్షకు పంపే తేదీ, కంపోస్టు తొట్టి నింపే తేదీ, పచ్చిరొట్ట చల్లే తేదీ, దానిని కలియదున్నే తేదీ. ఒక్కొక్క తేదీ ఎదుట కావలసిన డబ్బు వ్రాయాలి. ఆ కాగితంతో మీ బ్యాంకు శాఖకు మే నెలలోనే వెళ్ళండి. విత్తన లారీ కోసం కాక నేల కోసం ముందుగా వచ్చిన రైతును చూసి అధికారి మొదట ఆశ్చర్యపడవచ్చును. మీ వంటి వారు ఊరికి పదిమంది వెళితే, పై ఏడాది ఆ పద్దు బ్యాంకు దరఖాస్తులోనే అచ్చయి ఉంటుంది.